పట్టా ముక్క గంట

మా ఊరి ప్రాథమిక పాఠశాలకు ఇత్తడి గంట లేదు. ఆవరణలోని వేపచెట్టు కొమ్మకు మూరెడు రైలు పట్టా ముక్కను తీగతో కట్టి వ్రేలాడదీశారు. ఉదయం తొమ్మిది కాగానే ఎవరో ఒక పిల్లవాడు ఇనుప చువ్వతో దాన్ని కొడతాడు. ఆ చప్పుడు మా ఇంటి వరకు వినిపిస్తుంది. దానికి ఒక గంట ముందు మా వాకిట్లో పసుపు రంగు వ్యాను ఆగి హారన్ కొట్టేది. ఐదేళ్ళపాటు ఈ రెండు చప్పుళ్ళూ విన్నాను. ఒకటి ఊరి పిల్లలను పిలిచేది, రెండవది నా బిడ్డను పిలిచేది. ఆ తేడా నన్ను ఒక్కనాడూ గుచ్చలేదు. అది గుచ్చిన రోజు గురించి, ఆ తరువాత మేము నేర్చుకున్న వాటి గురించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది ఈ బోధన్ ప్రాంతములోనే. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగర్ నీళ్ళు కాలువల గుండా వచ్చి ఈ నేలను చెరకు నేలగా చేశాయి. 1937లో బోధన్ ప్రక్కనే శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీలలో ఒకటని మా పెద్దలు గర్వంగా చెప్పుకొనేవారు. మా బాపు అందులో సీజన్ కూలీ. క్రషింగ్ మొదలైతే మా ఇంట్లో బియ్యపు డబ్బా నిండేది. సీజన్ ముగిస్తే డబ్బా అడుగు కనబడేది. పొద్దున సైరన్ కూయగానే బాపు సైకిలెక్కేవాడు, అమ్మ నాకు ఇంత గంజి పోసి బడికి తోలేది.

నా బడి సర్కారు బడి. కూర్చోవడానికి బెంచీలు లేవు. వానాకాలములో ఒక మూల కురిస్తే ఇంకో మూలకు జరిగేవాళ్ళము. కాని మాకు ఒక సారు ఉండేవాడు. ఏడవ తరగతి పరీక్షలకు ముందు రెండు నెలలపాటు ఆయన రాత్రిపూట వరండాలో లాంతరు పెట్టి మమ్మల్ని చదివించాడు. కిరోసిన్ ఖర్చు ఆయనదే. మా కులమేమిటో, మతమేమిటో ఆయన అడగలేదు. మా తాతకు అక్షరాలు నేర్పింది ఒక మిషను పంతులు, చెట్టు క్రింద. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు ఆసుపత్రి పెట్టిన మిషనరీల తరములో, ఊరి బడి గడప తొక్కనివ్వని బిడ్డలకు మిషను బడే దిక్కయింది. మా తాతకు మిషను బడి, నాకు సర్కారు బడి. ఈ రెండూ లేకపోతే నేను వేదాంత డిప్లొమా చదివేవాడిని కాదు, మీకు ఈ మాటలు వ్రాసేవాడినీ కాదు.

2016లో నన్ను ఈ పాస్టరేటుకు పంపినప్పుడు నేను చూసిన బోధన్ వేరు. ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా 2002లోనే ప్రైవేటు వారి చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. సైరన్ ఆగిపోయింది. చెరకు వేసే రైతులు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు బండ్లు తోలవలసి వచ్చింది, చాలామంది చెరకు మాని వరి, సోయా వేశారు. మగవారు గల్ఫ్‌కు, హైదరాబాదుకు పోయారు. ఆదివారము ఆరాధనలో స్త్రీల వైపు చాపలు నిండేవి, పురుషుల వైపు ఖాళీ కనబడేది.

అయినా ఊరిలోకి మూడు పసుపు వ్యానులు వచ్చేవి. గల్ఫ్ నుండి డబ్బు పంపే తండ్రి మొదట అడిగే మాట, “పిల్లలు ఇంగ్లీషు మీడియములోనే ఉన్నారా?” అని. అది తప్పని నేననను. తాను పడిన కష్టము బిడ్డ పడకూడదని ఏ తండ్రి కోరుకోడు? నేనూ అలాగే కోరుకున్నాను. 2017లో మా పాపను బోధన్‌లో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చాను. నా జీతములో పెద్ద వంతు ఫీజుకే పోయేది. “దేవుడు చూసుకుంటాడు” అని సరిపెట్టుకున్నాము.

ఇక్కడ కొంచెము లెక్కలు చెప్పాలి. తెలంగాణ ఏర్పడిన మొదటి ఏడాది, 2014-15 బడ్జెట్టులో ప్రతి నూరు రూపాయలలో పది రూపాయలకు పైగా విద్యకు కేటాయించారు. 2023-24 నాటికి అది ఏడు రూపాయలకు లోపే, అనగా 19,093 కోట్లు. 2025-26లో 23,108 కోట్లు పెట్టారు, అది నూటికి సుమారు ఏడున్నర. రూపాయలు పెరిగాయి, నిజమే. కాని ఇంటి సంపాదన పెరిగినప్పుడు పిల్లల చదువుకు తీసే వంతు తగ్గితే, ఆ ఇంటిలో చదువుకు ఎక్కువ ఇస్తున్నామని చెప్పగలమా? దేశము జాతీయాదాయములో నూటికి ఆరు వంతులు విద్యకు పెట్టాలని 1964-66 నాటి కొఠారీ కమిషను చెప్పింది. 2020 నాటి జాతీయ విద్యా విధానము కూడా మళ్ళీ అదే మాట చెప్పింది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. 2008 మాంద్యము తరువాత అమెరికాలో అనేక రాష్ట్రాలు బడులకు ఇచ్చే సొమ్మును కోశాయి. ఓక్లహోమా రాష్ట్రములో కొన్ని చోట్ల వారానికి నాలుగు రోజులే బడి నడిపారు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఉపాధ్యాయులు బడులు వదలి రాజధానికి నడచి వచ్చి, జీతాలకే కాదు, బడులకు కూడా నిధులు కావాలని అడిగారు. ధనిక దేశములోనే అట్లుండగా మన పల్లె బడుల సంగతి వేరే చెప్పాలా?

రాజధానిలో అంకె తగ్గితే పల్లెలో ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. మొదట తగ్గేది ఉపాధ్యాయుడు. 2017లో ఉపాధ్యాయ నియామకాల ప్రకటన వచ్చిన తరువాత, మళ్ళీ డీఎస్సీ పరీక్ష జరగడానికి 2024 వరకు ఆగవలసి వచ్చింది. ఈలోగా పదవీ విరమణ చేసినవారి కుర్చీలలో విద్యా వాలంటీర్లు పనిచేశారు. 2020లో కరోనా వచ్చి బడులు మూసిన తరువాత వారిని కూడా కొనసాగించలేదు. ఊడ్చేవారు లేరు, మరుగుదొడ్డి కడిగేవారు లేరు. మధ్యాహ్న భోజనానికి గుడ్డు ఉండేది, కాని గుడ్డుకు అప్పట్లో ఇచ్చిన ఐదు రూపాయలకు అంగడిలో గుడ్డు వచ్చేది కాదు. వంట చేసే అక్కలకు అప్పట్లో నెలకు వెయ్యి రూపాయలు. అదీ ఆలస్యముగా వచ్చేది.

సరిగ్గా అదే కాలములో బడికి పిల్లలు పెరిగారు. కరోనాలో పనులు పోయి ఫీజులు కట్టలేక ఎందరో తల్లిదండ్రులు పిల్లలను సర్కారు బడికి మార్చారు. మా ఊరి బడిలో 46 మంది ఉండేవారు, 2021లో 74 మంది అయ్యారు. ఐదు తరగతులు, 74 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఒకరు సెలవు పెడితే మిగిలిన ఒక్కరే ఐదు తరగతులనూ ఒక గదిలో కూర్చోబెట్టి కాపలా కాయాలి. దాన్ని చదువు అనలేము.

2022 వేసవిలో మా సంఘములో ఒక ఆలోచన వచ్చింది. చర్చి వెనుక మనకు స్థలమున్నది. హైదరాబాదులో ఒక స్నేహితుడు గదుల కట్టుబడికి సహాయము చేస్తానన్నాడు. “మనమే ఇంగ్లీషు మీడియం బడి పెడదాము అయ్యగారూ, సంఘానికి పేరు, నలుగురికి ఉద్యోగము, మన పిల్లలకు చదువు” అన్నాడు ఒక సంఘ పెద్ద. కమిటీలో అందరూ సంతోషించారు. అందరికంటే నేనే ఎక్కువ సంతోషించాను. నిజము చెప్పాలి కదా, కరస్పాండెంటుగా నా పేరు బోర్డు మీద ఎలా ఉంటుందో కూడా ఒక రాత్రి ఊహించుకున్నాను.

ఆ సంగతి ఊరంతా తెలిసింది. ఒక సాయంత్రము సర్కారు బడి పెద్దసారు మా ఇంటికి వచ్చాడు. టీ త్రాగి, కాసేపు ఊరి సంగతులు మాట్లాడి, జేబులో నుండి మడత పెట్టిన కాగితము తీశాడు.

“పాస్టర్ గారూ, మీరు మంచి పనే అనుకుంటున్నారు. కాని ఒక్క లెక్క చూడండి” అన్నాడు. “విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమిక బడిలో అరవై మంది వరకు ఇద్దరు టీచర్లు. అరవై ఒకటి నుండి తొంభై వరకు ముగ్గురు. మాకు ఇప్పుడు 74 మంది ఉన్నారు. మూడో టీచరు మా హక్కు. మనిషి రాలేదు గాని, అడిగే హక్కు ఉన్నది. మీ బడి మొదలైతే మా దగ్గర నుండి కనీసము ముప్పై మంది వస్తారు. మాకు 44 మంది మిగులుతారు. మూడో పోస్టు అడిగే మాటే ఉండదు. ఇద్దరితో ఐదు తరగతులు ఎట్లా నడుస్తాయో చూసి ఇంకో ఇరవై మంది పోతారు. ఆ తరువాత బడి మూసినా అడిగేవారుండరు.”

నేను ఏమీ అనలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు, “ఫీజు కట్టగలిగినవాళ్ళు మీ దగ్గరికి వస్తారు. కట్టలేనివాళ్ళు మా దగ్గర ఉంటారు. ఆ మిగిలే 44 మంది ఎవరి పిల్లలో మీకు నాకంటే ఎక్కువ తెలుసు.”

తెలుసు. భర్త గల్ఫ్‌లో చనిపోయిన సహోదరి పిల్లలు. చెరకు నరికే కూలీల పిల్లలు. తాగుబోతు తండ్రి ఇంటి పిల్లలు. ఆ కాగితములో ఉన్నవారిలో సగము మంది మా ఆదివారపు బడి పిల్లలే.

మరుసటి వారము నేను బడికి వెళ్ళాను. మధ్యాహ్న భోజనము వండే అక్క మా సంఘ సభ్యురాలే. పొయ్యి దగ్గర కూర్చొని గుడ్ల పొట్టు తీస్తున్నది. మన సంఘము బడి పెడితే నీ మనుమడిని ఫీజు లేకుండా చేర్చుకుంటామని దయ చూపినట్లు చెప్పాను. ఆమె చేతిలో పని ఆపకుండానే అన్నది:

“మంచిదే అయ్యగారూ. ఒక మాట అడుగుత, కోపం చేయకుండ్రి. ఈ బడి బాగ లేదనే కదా కొత్త బడి పెడ్తున్నరు? ఈ బడి బాగు చేసేతందుకు మీరు ఎన్నడన్న వచ్చిండ్రా? మన పాప ఈ బడికి వస్తే మీరు దినాం రాకపోదురా?”

ఆమె నన్ను నిందించలేదు, మామూలుగా అడిగింది. కాని ఇంటికి నడచి వస్తుండగా నా కాళ్ళు బరువెక్కాయి. ఆరేళ్ళుగా ఆ ఊరిలో ఉన్నాను. ప్రతి ఆగస్టు 15న జెండా దగ్గర ప్రసంగించాను. పిల్లలే దేశ భవిష్యత్తు అని చెప్పాను. ఒక్కసారి కూడా పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశములో కూర్చోలేదు. ఎందుకు కూర్చుంటాను? నా బిడ్డ అక్కడ లేదు.

ఆ రాత్రి నా భార్యతో చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. “మీకు ప్రసంగములో చెప్పుకోవడానికి సాక్ష్యము కావాలని నా బిడ్డ చదువును ఒడ్డుతారా?” అన్నది. ఆ మాటలో న్యాయమున్నది. రెండు రోజులు మా ఇద్దరి మధ్య మాటలు తక్కువయ్యాయి. మూడవ రోజు కుటుంబ ప్రార్థన తరువాత ఆమే అన్నది, “సరే, పంపుదాము. కాని పంపి చేతులు కడుక్కోవద్దు. సాయంత్రము చదువు పెట్టాలి. మన పాపకు మాత్రమే కాదు, అందరికీ. చర్చి హాలులో దీపముంది, ఫ్యాన్లున్నాయి. ఆదివారము తప్ప తాళమేసి ఎవరికోసము దాచుకుంటున్నాము?”

2022 జూన్‌లో మా పాప ఆ బడిలో నాలుగవ తరగతిలో చేరింది. రాష్ట్రములోని సర్కారు బడులలో ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టిన సంవత్సరము కూడా అదే. సంఘము బడి ఆలోచనను కమిటీలో నేనే ఆపివేయమన్నాను. ఆ సంఘ పెద్దకు చాలా బాధ కలిగింది. హైదరాబాదు స్నేహితుని సహాయము ఇంకో పట్టణానికి వెళ్ళింది. ఆ పెద్ద నాతో ఇప్పటికీ మునుపటిలా కలివిడిగా ఉండడు. ఈ త్రోవలో నష్టము లేదని నేను చెప్పలేను.

సాయంత్రపు చదువుకు పెద్దసారు ఒకే షరతు పెట్టాడు. “పాస్టర్ గారూ, అన్ని మతాల పిల్లలు వస్తారు. అక్కడ చదువు తప్ప వేరే బోధ ఉండకూడదు.” నేను మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. సంఘములో కొందరు, “మన హాలు, మన కరెంటు, మన దేవుని మాట మాత్రము వద్దా?” అని అడిగారు. లాంతరు వెలుగులో నాకు లెక్కలు చెప్పిన సారు నన్ను తన మతము లోనికి లాగలేదని వారితో చెప్పాను. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టేటప్పుడు మనము షరతు పెట్టము కదా.

పాఠాలు చెప్పడానికి ఇద్దరు ముందుకు వచ్చారు. ఒకమ్మాయి మా సంఘ సభ్యురాలు, ఒకబ్బాయి ఊరివాడే, ముస్లిము కుటుంబము. ఇద్దరూ టీచరు శిక్షణ పూర్తిచేసి డీఎస్సీ కోసము ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవారు. వారికి ఊరికే చేయమనడము న్యాయము కాదు. మన స్త్రీల మైత్రి సహోదరీలు వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యము తీసి డబ్బాలో వేసే అలవాటు మీకు తెలుసు. ఆ బియ్యము అమ్మిన డబ్బులో సగము దీనికి ఇచ్చారు. మసీదు పెద్దలు నీళ్ళ ఫిల్టరు పెట్టించారు. గ్రామాభివృద్ధి కమిటీ నెలకు కొంత సొమ్ము ఒప్పుకున్నది.

మన నిజామాబాదు జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీ మాటకు ఎంత బలముందో వేరే చెప్పనక్కరలేదు. ఒక సమావేశములో ఒకాయన లేచి, “ఊర్లకు ప్రైవేటు వ్యాను రానియ్యొద్దు, పంపినోళ్ళకు జుర్మానా వేద్దాం” అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. నేను లేచి వద్దన్నాను. జరిమానాకు భయపడి వచ్చిన బిడ్డ, ఆ భయము పోగానే వెళ్ళిపోతుంది. టీచరు పాఠము చెప్పుతున్నాడని తెలిసి వచ్చిన బిడ్డ నిలుస్తుంది. వ్యాను ఎక్కేవారు మన పగవారు కారు, నిన్నటి వరకు నేనూ ఎక్కించినవాడినే. ఆ తీర్మానము ఆగిపోయింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. పిడికెడు బియ్యముతో సాయంత్రపు చదువు నడపవచ్చు, బడి నడపలేము. టీచరు జీతము, గదులు, పుస్తకాలు ప్రభుత్వము బాధ్యత. మనము దానము చేస్తున్నాము కదా అని ప్రభుత్వము చెయ్యి ఇంకా ముడుచుకుంటే, మన దానము ఆ బిడ్డలకు కీడు చేసినట్లే. ఈ సంగతిలో నెహెమ్యా నాకు ఎంతో నేర్పాడు. ఆయన కన్నీళ్ళతో ప్రార్థించాడు, ఆ తరువాత రాజును అడిగాడు. అధికారులకు ఉత్తరాలు కావాలన్నాడు, రాజుగారి అడవి నుండి మ్రానులు కావాలన్నాడు. అడగడము అవిశ్వాసము అనుకోలేదు. యెరూషలేముకు వచ్చాక ఎవరి ఇంటి ఎదుట గోడను వారు బాగు చేసుకునేలా పని పంచాడు. షల్లూము అనే ఒక అధికారి తన కుమార్తెలతో కలిసి కట్టాడు. తెకోవ ఊరి గొప్పవారు మాత్రము ఆ పనికి మెడ వంచలేదు. ఆ అధ్యాయము ఎన్నిసార్లు చదివానో! నా ఇంటి ఎదుట గోడ ఆ బడి అని మాత్రము అప్పటిదాకా నాకు తోచలేదు.

కనుక మేము కూడా అడిగాము. యాజమాన్య కమిటీ పేరున అర్జీ వ్రాశాము. దానిలో గొప్ప మాటలేవీ లేవు. పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, చట్టము చెప్పే సంఖ్య, మూడే వరుసలు. ఆ అర్జీ మీద వంట చేసే అక్క వేలిముద్ర ఉంది, మసీదు పెద్ద సంతకముంది, నాదీ ఉంది. మొదటిసారి తీసుకొని ప్రక్కన పెట్టారు. రెండవసారి రేపు రమ్మన్నారు. ఐదవసారి వెళ్ళినప్పుడు అక్కడి గుమాస్తా, “మళ్ళీ మీరేనా?” అని నవ్వి కుర్చీ చూపించాడు. 2023 జనవరిలో ప్రక్క ఊరి నుండి ఒక టీచరమ్మను వారానికి మూడు రోజులు పంపారు. పూర్తి టీచరు కాదు. అయినా ఆ మూడు రోజులు పిల్లలు మూడు గదులలో కూర్చున్నారు.

ప్రభుత్వము వైపు నుండి ఏమీ రాలేదని చెప్పడము అబద్ధమవుతుంది. 2022 మార్చిలో ప్రారంభమైన మన ఊరు మన బడి మొదటి విడతలో రాష్ట్రములో 9,123 బడులను తీసుకున్నారు. వాటిలో మా బడి లేదు. 2024లో మహిళా సంఘాల వారితో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు, ఆ డబ్బుతో మా మరుగుదొడ్డికి తలుపు వచ్చింది, నీళ్ళ కుళాయి వచ్చింది. తలుపు లేని రోజులలో పెద్ద పిల్లలైన ఆడపిల్లలు నీళ్ళు త్రాగకుండా కూర్చునేవారని నాకు మా పాప చెప్పేవరకు తెలియదు. అదే సంవత్సరము సెప్టెంబరులో సర్కారు బడులకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ జరిగి, అక్టోబరు 9న నియామక పత్రాలు ఇచ్చారు. మాకు మూడవ టీచరు వచ్చాడు. సాయంత్రపు చదువు చెప్పిన అమ్మాయికి కూడా ఉద్యోగము వచ్చి వేరే మండలానికి వెళ్ళింది. ఆమెను సాగనంపిన రోజు పిల్లలు ఏడ్చారు, మేము సంతోషించాము. ఆ అబ్బాయికి కొద్ది మార్కులలో తప్పిపోయింది. అతడు ఇంకా సాయంత్రము హాలుకు వస్తూనే ఉన్నాడు. అతని ముఖము చూసినప్పుడెల్లా ఏడేళ్ళ ఆలస్యము ఎవరి ఆయుష్షులో నుండి పోయిందో నాకు అర్థమవుతుంది.

ఇప్పుడు మా బడిలో 68 మంది ఉన్నారు. మూడవ గది కప్పు ఇప్పటికీ కురుస్తుంది. ఒక పసుపు వ్యాను ఇంకా ఊర్లోకి వస్తుంది. మా పాప ఐదవ తరగతి ముగించి ఉన్నత పాఠశాలకు వెళ్ళింది, ఈ 2025లో ఏడవ తరగతి. తన పాత స్నేహితులంత వేగముగా ఇంగ్లీషు మాట్లాడదు. మొదటి నెల ఆమె ఏడ్చినప్పుడు నా భార్య నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. అయితే రెండవ తరగతి పిల్లలను ముందు కూర్చోబెట్టుకొని తీసివేతలు నేర్పుతున్న నా బిడ్డను చూసినప్పుడు, ఆ లాంతరు సారు గుర్తుకు వచ్చాడు. రెండు ప్రక్కలా ఉన్నది ఉన్నట్లు చెప్పాను. తూకము మీరే వేసుకోండి.

2024-25 లెక్కల ప్రకారము మన తెలంగాణలో ఒక్క బిడ్డ కూడా లేని బడులు 2,245 ఉన్నాయి. ఆ బడులు ఒక్క రోజులో ఖాళీ కాలేదు. మొదట ఒక టీచరు పోయాడు. తరువాత చేతిలో నాలుగు డబ్బులున్నవారి పిల్లలు పోయారు. వారితో పాటు అడిగే నోళ్ళు పోయాయి. ఆఖరున, అడగడము చేతకాని వారి పిల్లలు మిగిలారు. నిధులు కోసినప్పుడు బడికి గాయమవుతుంది. మనము విడిచి వెళ్ళినప్పుడు ఆ గాయము మానకుండా పోతుంది. ఇదే మా ఊరిలో నేను నేర్చుకున్న పాఠము.

ప్రియమైన చదువరులారా, అందరూ రేపే పిల్లలను మార్చండని నేను చెప్పను, నాకు ఆ అధికారము లేదు. ఒక్క పని అడుగుతాను. మీ ఊరి సర్కారు బడికి ఈ వారము వెళ్ళండి. పిల్లలెందరో, టీచర్లెందరో లెక్కపెట్టండి. అరవై దాటితే ముగ్గురు, తొంభై దాటితే నలుగురు ఉండాలి. లేకపోతే కాగితము మీద మూడు వరుసలు వ్రాసి అడగండి, మళ్ళీ అడగండి. మీ చర్చి హాలు తాళము సాయంత్రము రెండు గంటలు తీయండి.

ఈ మాటలు వ్రాస్తుండగా తొమ్మిది కావచ్చింది. శక్కర్‌నగర్ సైరన్ మూగపోయి పదేళ్ళవుతున్నది. దాన్ని మళ్ళీ మ్రోగించడము నా చేతిలో లేదు. వేపచెట్టు క్రింద ఒక పిల్లవాడు ఇనుప చువ్వ అందుకున్నాడు. పట్టా ముక్క మ్రోగుతున్నది. ఈరోజు గురువారము, టీచరమ్మ సెలవులో ఉన్నది. మొదటి రెండు తరగతుల వద్ద కూర్చుంటానని పెద్దసారుకు మాట ఇచ్చాను. వెళ్ళివస్తాను.